రాళ్ల దగ్గర ఎక్కువ పోయాలి

నేను చదివింది లైబ్రరీ సైన్సు. చేపల గురించి నాకు తెలిసిందల్లా పులుసు పెట్టడం ఒక్కటే. అయినా రాయ్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో చెరువులు లీజుకు తీసుకున్న తెలుగువాళ్లకి నేను చేపల డాక్టరమ్మని. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. కానీ ఎవరైనా అలా పిలిచినప్పుడు, "కాదయ్యా బాబూ, నేను పుస్తకాలకు నంబర్లు అంటించేదాన్ని" అని ఒక్కసారైనా అన్నానా? అనలేదు. లోపల ఎంత మురిసిపోయేదాన్నో నాకే తెలుసు. ఆ మురిపెం ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

ఊరి చివర చేపల పరిశోధన కేంద్రంలో నాది లైబ్రరీ అసిస్టెంటు ఉద్యోగం. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు, పొడిగించే నెలలో నాకు నిద్ర పట్టదు. సముద్రం మాకు రైల్లో ఒక రాత్రి ప్రయాణం. మా లైబ్రరీలో మాత్రం పగడపు దిబ్బల మీద, తిమింగలాల మీద, ఉప్పునీటి రొయ్యల మీద రెండు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. ఎవరో పెద్దాయన రిటైరై వెళ్తూ దానం చేశాడట. మంచినీటి చేపల మీద ఒక బీరువా. అందులో ముప్పాతిక వంతు కోస్తా ఆంధ్రా చెరువుల మీద చేసిన పరిశోధనలు, అన్నీ ఇంగ్లీషులో. ఛత్తీస్‌గఢ్ చెరువుల మీద ఉన్నవి ఒక అరలో సగం కూడా నిండవు. సైంటిస్టులు కంప్యూటర్లో చూసుకుంటారు కాబట్టి మా గుమ్మం తొక్కరు. విద్యార్థులు ఫ్యాను కింద కునుకు తియ్యడానికి వస్తారు.

మరి నన్ను మనిషిగా గుర్తించి, నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది ఎవరయ్యా అంటే, ఈ చెరువుల వాళ్లే. వాళ్లకి ఇంగ్లీషు రాదు, హిందీ మాట్లాడతారు గానీ చదవలేరు. నేను పుస్తకం తీసి, చదివి, పాత కేటలాగు కార్డుల వెనకాల తెలుగులో రాసిచ్చేదాన్ని. ఏ మందు, ఎకరానికి ఎంత, ఎప్పుడు, ఎలా. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల షాపులో ఫిట్టరుగా చేశాడు. నేను పుట్టింది, పెరిగింది రైల్వే కాలనీలో, కుళాయి నీళ్లతో. ఇంటి బయట తెలుగులో ఇంత ముఖ్యమైన మాట నేను ఏనాడూ రాయలేదు, ఎవరూ నన్ను రాయమననూ లేదు.

రెండువేల పద్నాలుగు, మే నెల. మధ్యాహ్నం మూడింటికి నూకరాజు వచ్చాడు. తుని దగ్గరి మనిషి. కైకలూరు వైపు పెద్ద చెరువుల మీద పదిహేనేళ్లు పని చేసి, అభన్‌పూర్ దాటాక ఒక పల్లెలో పంచాయతీ చెరువు లీజుకు తీసుకున్నాడు. మూడెకరాలు. అంతకుముందు రెండుసార్లు చీటీ పట్టుకెళ్లాడు, రెండుసార్లూ చేపలు బతికాయి. అందుకని నన్ను చూస్తే దేవుణ్ని చూసినట్టు దండం పెడతాడు.

"మేడమ్ గారండీ, సేపల ఒంటికి పేను పట్టేసిందండి. గట్టుకొచ్చి రాళ్లకేసి ఒళ్లు గీరుకుంటన్నాయండి. మీరేదో ఒకటి సెప్పకపోతే నేను ములిగిపోతానండి."

"ఏడవకయ్యా. కూర్చో," అన్నాను, డాక్టరమ్మనే కదా.

పుస్తకం తీశాను. చేప పేను గురించి నాలుగు పేజీలు, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో చేసిన పని. ఏ పురుగుమందు వాడాలో ఉంది, ఎంతో ఉంది. సగం సాయంత్రం, సగం మర్నాడు పొద్దున ఎండ ముదరకముందు పోయాలని ఉంది. పేను గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, గట్టి వస్తువుల మీద: రాళ్లు, గుంజలు, తూము గోడలు. అందుకని అక్కడ మందు చిక్కగా పడాలని కూడా ఉంది. అన్నీ వివరంగా రాశాను. "రాళ్ల దగ్గర ఎక్కువ పోయాలి" అని రాసి కింద గీత కూడా గీశాను. చేతులకు తొడుగులు వేసుకోవాలి, గాలికి ఎదురు నిలబడకూడదు అని కూడా చేర్చాను. ఎంత జాగ్రత్తమ్మా నాకు!

నూకరాజు కార్డు కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ అన్నాడు: "రేపు ఊళ్లో ఎవరో ముసలాయనది దశ్‌నహావన్ అంటండి. పదో రోజు తానాలు. అందాకా ఇటేపు ఎవరూ రారంటండి, పదింటికల్లా ఊరు ఊరంతా సెరువు కాడికొచ్చేత్తారు. ఆళ్లు రాకముందే నా పని నేను కానిచ్చేత్తానండి."

"అదే మంచిది. జనం మీద పడితే నీ పని సాగదు," అన్నాను.

ఈ మాట నా నోటితో నేనే అన్నాను. ఇద్దరం తెలుగువాళ్లమే, ఇద్దరం బుద్ధి ఉన్నవాళ్లమే. అతని లెక్కలో చెరువంటే కంచె, కాపలా, చేప. కైకలూరులో చేపల చెరువులోకి దిగి స్నానం చేసేవాడెవడు? నా లెక్కలో చెరువంటే పుస్తకంలో బొమ్మ. జనం పనికి అడ్డొస్తారని ఇద్దరికీ తోచింది. తానాలన్న మాట అతని నోటినుంచే వచ్చినా, ఆ తానాలు ఆ మందు నీళ్లలోనేనని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి లైబ్రరీ తెరిచాను. ముందురోజు వచ్చిన పార్సిల్ ఒకటి బల్ల మీద ఉంది. ఏదో స్వచ్ఛంద సంస్థ వాళ్లు అచ్చేసిన పలచని హిందీ పుస్తకం, పల్లె చెరువుల్లో చేపల పెంపకం గురించి. నంబరు అంటించడానికి జిగురు రాసి, అలవాటు కొద్దీ మధ్యలో పేజీ తిప్పాను. జబ్బుల అధ్యాయం. మొదటి వాక్యమే నల్లటి అక్షరాలతో ఉంది.

ఊరి చెరువు నిస్తారీ చెరువు, అంటే జనం స్నానానికి, బట్టలకు, పశువులకు వాడుకునే చెరువు. అందుకని ఏ మందైనా వేసే ముందు ఊరి కాపలాదారు కోట్‌వార్ చేత చాటింపు వేయించాలి. వారం రోజులు ఘాట్లు మూసెయ్యాలి. ఘాట్ మెట్ల రాళ్ల దగ్గర మందు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు, అక్కడే జనం నోరు కడుక్కుంటారు.

రెండోసారి చదివాను. చేతిలోని జిగురు పుల్ల పుస్తకానికి అంటుకుపోయింది. గీత గీసి మరీ రాశానే, రాళ్ల దగ్గర ఎక్కువ పోయాలని! అతని చెరువులో రాళ్లంటే ఏం రాళ్లు? మూడెకరాల పల్లె చెరువులో తూము గోడలూ గుంజలూ ఎక్కడివి? ఉన్నవి ఘాట్ మెట్లే.

నూకరాజుకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. మళ్లీ అదే ఆడగొంతు, అదే పాట. "నీ ఫోను తగలెయ్య!" అని గట్టిగా అరిచాను, ఫ్యాను కింద కునుకుతున్న పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. గోడ గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పదింటికి ఊరంతా చెరువులోకి దిగుతుంది. తాళం వెయ్యకుండా స్కూటీ దగ్గరికి పరుగెత్తాను.

ధమ్‌తరీ రోడ్డు మీద లారీల మధ్య నుంచి ఎలా నడిపానో దేవుడికే తెలియాలి. నా కళ్లముందు రోడ్డు లేదు. మెట్ల మీద బారులు తీరిన జనం, ఒకళ్ల తర్వాత ఒకళ్లు మునక వేస్తున్నారు, పైకి లేవడం లేదు. ఎన్నిసార్లు తల విదిలించినా అదే బొమ్మ. అభన్‌పూర్ దగ్గర గేటు పడింది. చిన్న గేజీ రైలు, ఎద్దుబండి కన్నా కాస్త నయం, అది వచ్చి పోయేదాకా ఆగాలి. ఆ గేటు ముందు నిలబడి మా డైరెక్టరుకి ఫోన్ చేశాను. ఎవరైనా పెద్దవాళ్లు సర్పంచ్‌కి చెబితే ఆగుతారు కదా అని ఆశ.

ఆయన అంతా విన్నాడు. విని, మొదట అడిగిందేమిటంటే, "మందులు రాసిచ్చే అధికారం మీకెవరిచ్చారు త్రివేణీజీ?"

"సార్, అది తర్వాత మాట్లాడదాం. ముందు ఎవరికైనా ఫోన్ చెయ్యండి."

"నేను చేస్తే కేంద్రం రాసిచ్చినట్టే అవుతుంది. మీరు వెనక్కి వచ్చెయ్యండి. ఎక్కడా కేంద్రం పేరు చెప్పకండి. వచ్చే నెలలో మీ కాంట్రాక్టు ఉంది, గుర్తుంది కదా."

గుర్తులేకపోవడమా! గేటు లేచాక స్కూటీ రెండుసార్లు స్టార్ట్ అవలేదు.

ఊరు చేరేసరికి పదికి అయిదు నిమిషాలు. చెరువు ఎండకి సగం ఇంకిపోయి ఉంది. మట్టి గట్టు మీద నూకరాజు షెడ్డు, దాని ముందు రెండు ఖాళీ డ్రమ్ములు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చాడు.

"మేడమ్ గారే వచ్చేరే! అయిపోయిందండీ. అచ్చం మీరు రాసినట్టే. ఆ మెట్ల రాళ్లమ్మట ఇప్పుడే బాగా చిక్కగా పోసేను."

అతన్ని దాటి చూశాను. ఊళ్లోంచి వరస కదిలి వస్తోంది. ముందు మగవాళ్లు, అప్పుడే గీయించిన నున్నటి గుళ్లు ఎండలో మెరుస్తున్నాయి. వెనక ఆడవాళ్లు, వాళ్ల మధ్య తల దించుకుని ఒక ముసలామె, పోయినాయన భార్య. మొదటివాడు మెట్లకి ఇంకో ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు.

నాకు ఛత్తీస్‌గఢీ సరిగ్గా రాదు. పుట్టి నలభై ఆరేళ్లయినా రాదు, సిగ్గులేదు నాకు. వచ్చిన నాలుగు ముక్కలూ గొంతు చించుకుని అరిచాను. "ఝన్ ఉతరవ్! పానీ మా ఝన్ ఉతరవ్! నీళ్లలోకి దిగొద్దు!" చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. పరుగెత్తి వెళ్లి మొదటి మెట్టుకు అడ్డంగా నిలబడి చేతులు చాపాను. మెట్ల గుంటల్లో పల్చటి పాలరంగు నీళ్లు నిలిచి ఉన్నాయి. వాసన ముక్కుపుటాలు పగిలేలా ఉంది.

ముందున్నాయన ఆగాడు. పేరు దుకాలూ, పోయినాయన తమ్ముడని తర్వాత తెలిసింది. "ఏమైంది మేడమ్?" అని మర్యాదగానే అడిగాడు.

అప్పుడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "నీళ్లు బాగాలేవు. పరీక్ష చెయ్యాలి. సర్కారు ఆర్డరు," అన్నాను. ఎంత తడుముకోకుండా అబద్ధం వచ్చిందో! నా వెనకాల నూకరాజు నిలబడి ఉన్నాడు. అతని మొహంలో నవ్వు పోయి, రక్తం కూడా పోయింది. అతనికి అప్పుడు అర్థమైంది.

"ఇవాళ పదో రోజు. పదో రోజు పదకొండో రోజున రాదు కదా," అన్నాడు దుకాలూ. వెనకవాళ్లు గొణిగారు. "మా చెరువుకి మీ ఆర్డరేమిటి?" అని ఒకడు గొంతు పెంచాడు. నేను మాత్రం కదల్లేదు. తన్నినా కదలకూడదనుకున్నాను. ఇంతమందిని ఆపాను, ఎవరూ దిగలేదు, ఇంక భయం లేదు అని గుండె కొంచెం నెమ్మదించింది కూడా.

అంతలో ఆ ముసలామె తలెత్తి చుట్టూ చూసింది. "ఫుల్‌మతి ఏదీ?" అంది.

మెట్ల పక్క వారనుంచి, రావి వేళ్లు పట్టుకుని ఒక పిల్ల పైకెక్కుతోంది. ఎనిమిదేళ్లుంటాయి. చేతిలో వేపపుల్ల. అందరికన్నా ముందే వచ్చి, పళ్లు తోముకుని, నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, గౌనుతో తుడుచుకుంటూ వస్తోంది. నానమ్మ పిలిచిందని నవ్వింది. "నీళ్లు చేదుగా ఉన్నాయి దాయీ," అంది.

పరుగున వెళ్లి పిల్లని పట్టుకున్నాను.

చేతిపంపు దగ్గరికి ఎత్తుకెళ్లి బట్టలు విప్పించి కడిగాం. నేనే కడిగాను, తలనుంచి కాళ్లదాకా, చర్మం ఎర్రబడేలా రుద్దాను. ఆడవాళ్లు వింతగా చూశారు. పిల్ల ముందు నవ్వింది, తర్వాత కడుపు పట్టుకుంది. వాంతి చేసుకుంది. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది. మే నెల ఎండలోనూ ఒళ్లు చెమటతో చల్లగా తగిలింది. "పది రోజులుగా నాతోపాటు ఒక్కపూటే తింటోంది, వద్దన్నా వినలేదు. తాత అంటే ప్రాణం. నీరసం, ఎండ తగిలింది," అంది నానమ్మ. ఆమె పేరు కేజాబాయి. అందరూ అవునన్నారు. నేనూ తలూపానంటే నమ్మండి.

నూకరాజు చేపలు తోలే ఛోటా హాథీ ట్రక్కు తీశాడు. ముందు సీట్లో అతను, నేను, పిల్లని ఒళ్లో పెట్టుకుని కేజాబాయి. మనిషిని గానీ గొడ్డుని గానీ నీళ్లలోకి దిగనివ్వొద్దని నేను మరీ మరీ చెబితే, మిగతావాళ్లని మెట్ల దగ్గర కాపలా పెట్టి, దుకాలూ ఇంకో ఇద్దరూ మోటారు సైకిలు మీద వెనకాల. ట్రక్కు కదలగానే నూకరాజు తెలుగులో మొదలుపెట్టాడు. ఆమెకి అర్థం కాదు కదా.

"మేడమ్ గారండీ, ఎండదెబ్బ అంటన్నారు కదండీ. అననివ్వండి. డాక్టరు సూది వేత్తాడు, తగ్గిపోద్ది. మందు మాట బయటికొచ్చిందంటే ఊరు ఊరంతా నన్ను ఆ సెరువులోనే పాతేత్తారండి."

"నోరు ముయ్యి. బండి నడుపు."

"మీ చీటీ నా జేబులోనే ఉందండి. దాని మీద మీ ఆఫీసు ముద్దరుంది. నేనొక్కణ్ణే కాదండి, మీరూ పోతారు. నేను బెదిరించట్లేదండి, కాళ్లట్టుకుంటున్నాను." అతను ఏడుస్తున్నాడు.

కేజాబాయి ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూసింది. పిల్ల కనురెప్పలు ఊరికే కొట్టుకుంటున్నాయి, పిక్కల్లో కండ చర్మం కింద ఎగిరెగిరి పడుతోంది. అది ఎండదెబ్బ కాదని నాకు తెలుసు. పేను మందు గురించి నేను చదివిన ఆ పుస్తకంలోనే, మందు ఎక్కువైతే చేప ఎలా చస్తుందో రాసి ఉంది. కండరాలు అదురుతాయని ఉంది. మనిషి సంగతి ఎక్కడా లేదు. ఉన్న బీరువాలన్నీ మనసులో వెతికాను. ఒక్క పుస్తకంలో, ఒక్క పేజీలో, ఆ నీళ్లలో మనిషి దిగితే ఏమవుతుందో లేదు.

రోడ్డు పక్క చిన్న నర్సింగ్ హోము. లోపల మంచాలన్నీ ఎండదెబ్బ కేసులే. కుర్ర డాక్టరు నాడి పట్టుకుంటూనే అడిగాడు. "ఏం తింది?"

"ఏమీ తినలేదు సాబ్. పది రోజులుగా ఒక్కపూటే," అన్నాడు దుకాలూ. "మా అన్న పోయాడు. ఎండలో నడిచింది."

"గ్లూకోజ్ పెట్టండి," అని నర్సుకి చెప్పి డాక్టరు పక్క మంచానికి తిరిగాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవాలి. తెరుచుకోలేదు. ఎంతసేపు? నర్సు సీసా తగిలించి, చేతికి పట్టీ కట్టి, నరం కోసం తడిమి, దొరక్క మళ్లీ తడిమి, సూది గుచ్చేంత సేపు. అంతసేపూ నేను ఏం ఆలోచించానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. వచ్చే నెల కాంట్రాక్టు ఆలోచించాను. పోలీసుల గురించి ఆలోచించాను. గ్లూకోజ్‌తోనే తగ్గిపోతే ఎంత బాగుండు అనుకున్నాను. అప్పుడు పిల్ల ఊపిరి గురగురమంది. గొంతులో నీళ్లు నిండినట్టు.

"డాక్టర్ సాబ్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎండ కాదు. విషం. చెరువులో పురుగుమందు పోశారు. ఆ నీళ్లతో నోరు కడుక్కుంది." మందు పేరు చెప్పాను. ఎంత పోశారో చెప్పాను. పదికి ముందే అని చెప్పాను. "పొయ్యమని రాసిచ్చింది నేను."

డాక్టరు ఒక్క గెంతులో వచ్చాడు. రెప్ప ఎత్తి టార్చి వేశాడు. కంటిపాప గుండుసూది తలంత ఉంది. ఆ తర్వాత ఆయన నన్ను గానీ ఇంకెవరిని గానీ చూడలేదు. ఏదో ఇంజెక్షన్ పేరు అరిచాడు, నర్సు పరుగెత్తింది. ఒక ఇంజెక్షన్, అయిదు నిమిషాలకి ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. గొంతులోకి గొట్టం పెట్టి నీళ్లు లాగారు. "పావుగంట ఆలస్యమైతే చేతికి చిక్కేది కాదు," అన్నాడు ఎవరితోనో. పావుగంటలో ఎంత భాగం నేను తినేశానో నాకు తెలుసు.

బయట వరండాలో దుకాలూ నూకరాజు చొక్కా పట్టుకున్నాడు. ఒక దెబ్బ వేశాడు, రెండో దెబ్బకి చెయ్యెత్తాడు. నేను మధ్యలోకి వెళ్లాను. "అతనికి చదువు రాదు. నేను రాసింది చేశాడు. కొడితే నన్ను కొట్టు." ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. అతను కొట్టలేదు. కొట్టి ఉంటే నాకే కాస్త తేలిగ్గా ఉండేది. గుండు మీద చెమట తుడుచుకుని, గోడకి జారబడి కూర్చున్నాడు. తన అన్నకి నీళ్లు వదిలే వేళ దాటిపోయిందని ఎవరితోనో ఫోన్లో చెప్పి ఏడ్చాడు.

ఒంటిగంట దాటాక డాక్టరు వచ్చి, కంటిపాపలు విచ్చుకున్నాయని, గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పాడు. రేపటిదాకా ఉంచాలి గానీ గండం గడిచిందన్నాడు. లోపల్నుంచి "దాయీ, దాహం" అని సన్నటి గొంతు వినిపించింది. నేను వరండా బల్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. బతికింది. నా తల్లే, బతికింది! ఉద్యోగం పోతే పోనీ, జైల్లో పెడితే పెట్టనీ. ఆ క్షణంలో నాకు దేని మీదా భయం లేదు.

కేజాబాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంకా స్నానం చెయ్యలేదు ఆమె. పదిరోజుల మైల బట్ట, జడ వెయ్యని నెరిసిన జుట్టు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బండిలో మీ భాషలో మాట్లాడుకున్నారే, అప్పుడే తెలిసింది నాకు. మీకు ఏదో తెలుసునని," అంది.

"తప్పయిపోయింది అమ్మా," అన్నాను.

"నువ్వు చదివిన పుస్తకంలో మేము లేమా?"

"లేరు."

తల పంకించింది. కాసేపు తన చేతులు చూసుకుంది. గాజులు ఇంకా తియ్యలేదు, అవి చెరువు దగ్గర తియ్యాలి. తర్వాత నెమ్మదిగా, ఊళ్లో ఎవరింటికో దారి అడిగినట్టు అడిగింది.

"ఇలాంటి కాగితాలు ఇంకెంతమందికి రాసిచ్చావు బేటీ?"

కళ్లు తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. మూడేళ్ల నుంచి రాస్తున్నాను. తిల్దా వైపు, టాటీబంధ్ దాటాక, ఆరంగ్ దారిలో, ధమ్‌తరీ దారిలో. పేను మందే ఎన్నిసార్లు రాశాను? ఈ వేసవిలోనే ఎంతమందికి రాశాను? అందరూ తెలుగువాళ్లు. అందరివీ ఊరి చెరువులు. అందరికీ అదే పుస్తకం, అదే పేజీ, అదే గీత.

ఫోన్ తీశాను. సోమవారం చీటీ పట్టుకెళ్లిన మనిషి పేరు దానయ్య, తిల్దా అవతల చెరువు. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు. వెనకాల పిల్లల కేకలు వినిపిస్తున్నాయి, నీళ్లలో ఎవరో దూకిన చప్పుడు వినిపించింది.

"దానయ్యా, నేను త్రివేణిని. మందు పోశావా?"

"పొద్దున్నే పోసేశాను మేడమ్. మీరు రాసినట్టే, రాళ్ల దగ్గర ఎక్కువ. ఎందుకు మేడమ్, అలా ఏడుస్తున్నారు?"